రోకలిబండ సముద్రాలు దాటిన కథ

మృగశిర కార్తెలో తొలకరి జల్లులు పడి నేల పదునెక్కిన కొద్ది రోజులకు, రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని దొంతన్‌పల్లి మొదలుకొని చేవెళ్ల, మొయినాబాదు వరకు గల పల్లెలలో రెండు రకాల పురుగులు నేలమీదికి వస్తాయి. ఒకటి ఎర్రని మఖమలు గుడ్డ తునకవలె కనిపించే ఆరుద్ర పురుగు. పిల్లలు దానిని అరచేతిలో పెట్టుకొని మురిసిపోతారు. రైతులు మంచి శకునమని సంతోషిస్తారు. రెండవది రోకలిబండ. గోడవారన, రాళ్ళ సందులలో, పెంటకుప్పల అంచున నింపాదిగా పాకుతూ, తాకగానే చుట్టలు చుట్టుకొని కదలక పడి ఉండే ఈ పురుగుకు ఆ ఆదరణ లేదు. చీపురుతో చిమ్మి వాకిలి అవతల పారవేస్తారు. మరునాటి ఉదయానికి అది మళ్ళీ గోడవారనే ఉంటుంది.

కొన నుంచి కొన వరకు ఒకే లావుతో, గుండ్రంగా, నున్నగా ఉన్న శరీరాన్ని చూడగానే రోకలి జ్ఞాపకం రావడం సహజమే. 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట' అని సామెత. చుట్టుకోగల రోకలి లోకంలో ఇదొక్కటే అనవచ్చు. పుస్తకాలలో దీనిని సహస్రపాది అంటారు. పల్లెటూరి పేరే సత్యానికి దగ్గరగా ఉన్నది. ఏలనంటే 2021 వరకు వేయి కాళ్ళు గల సహస్రపాదిని శాస్త్రజ్ఞులెవరూ చూసి ఎరుగరు. ఆ సంవత్సరంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఖనిజాల కోసం వేసిన ఒక బోరు గుంతలో 60 మీటర్ల లోతున దొరికిన, దారపుపోగు వంటి ఒక జాతిని పాల్ మారెక్, ఆయన సహచరులు వర్ణించారు. దానికి 1,306 కాళ్ళు. అంతకుముందు కాలిఫోర్నియాకు చెందిన మరొక జాతికి ఉన్న 750 కాళ్ళే లెక్కకు వచ్చిన వాటిలో ఎక్కువ. మన వాకిళ్ళలో తిరిగే వాటికి సామాన్యంగా అందులో సగం కూడా ఉండవు.

ఇన్ని కాళ్ళున్నా రోకలిబండ ప్రయాణం అంతంత మాత్రమే. రెక్కలు లేవు. పిల్లకాలువ అడ్డం వస్తే దాటలేదు. ఎండ తగిలితే ఎండిపోతుంది. అయినా ఐరోపా తోటలలో పుట్టి పెరిగిన చిన్న రోకలిబండలు అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల ఉన్నవి. పోర్చుగల్ దేశపు రోకలిబండ ఆస్ట్రేలియాలో రైళ్ళకు అడ్డు తగిలింది. దక్షిణ భారతదేశపు రోకలిబండలు కరేబియన్ దీవులలో కాపురం పెట్టినవి. నడవలేనివాడు నాలుగు ఖండాలు తిరిగి వచ్చాడంటే ఎవరో మోసుకొని పోయి ఉండాలి. ఆ మోసినవారిని గుర్తించడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది.

ముందుగా, ఈ జంతువు ఎందువల్ల ఒకచోట అతుక్కొని ఉంటుందో తెలుసుకోవాలి. చాలామంది దీనిని జెర్రితో కలిపివేస్తారు. ఇవి రెండూ సంధిపాదులే గాని, నడవడిలో ఎంతో భేదం ఉన్నది. జెర్రి మాంసాహారి. దాని శరీరంలో ఒక్కొక్క ఖండితానికి ఒక్క జత కాళ్ళే ఉంటాయి. మొదటి జత విషపు కోరలుగా మారింది. అది కరుస్తుంది, పరుగెత్తుతుంది. రోకలిబండ కరవదు, పరుగెత్తదు. దానికి మెడ వద్ద ఉన్న మొదటి కట్టుకు కాళ్ళు లేవు. తరువాతి మూడింటికి ఒక్కొక్క జత. ఆ వెనుక ప్రతి కట్టుకూ రెండేసి జతలు. రెండు ఖండితాలు అతుక్కొని ఒక కట్టుగా మారడమే దీనికి కారణం. ఇన్ని కాళ్ళు కలిసి నెట్టే బలం వేగానికి ఉపయోగపడదు. గుల్లబారిన మట్టిలోకి, కుళ్ళిన ఆకుల కిందికి తల దూర్చి తోసుకొని పోవడానికి ఉపయోగపడుతుంది. తొలకరిలో దొరికిన రోకలిబండను ఒక గాజు పలకమీద వదలి కిందినుంచి చూస్తే, కాళ్ళు అలలు అలలుగా కదలడం విద్యార్థులు స్పష్టంగా చూడగలరు. అయితే చూసిన తరువాత చేతులు కడుక్కోవాలి, కళ్ళు నులుముకోరాదు. దీని పక్కల వరుసగా ఉన్న సన్నని రంధ్రాలనుంచి ఒక రసం ఊరుతుంది. గుండ్రని రోకలిబండలు చాలావాటిలో ఆ రసంలో ఉండేవి బెంజోక్వినోన్లు. చర్మానికి అంటితే గోధుమరంగు మరక పడి కొన్నాళ్ళు పోదు. బల్లపరుపుగా ఉండే మరొక తెగలోనైతే హైడ్రోజన్ సయనైడు పుడుతుంది. కరవలేని జంతువుకు ఈ రసమే కవచం. కాకులు, కోళ్ళు చాలావరకు దీని జోలికి పోకపోవడానికి ఇదే కారణం.

ఈ జంతువుకు అసలైన శత్రువు పక్షి కాదు, పొడిగాలి. కీటకాల శరీరాన్ని కప్పి ఉండే మైనపు పొర వీటిలో బలహీనం. గాలి పీల్చే రంధ్రాలను గట్టిగా మూసుకొనే ఏర్పాటు చాలా జాతులలో లేదు. అందువల్ల ఒంటిలోని నీరు త్వరగా ఆవిరైపోతుంది. వేసవిలో భూమిలోకి దిగి, వానకు పైకి రావడం ఇందుకే. పై పెంకు సున్నపు లవణాలతో గట్టిపడి ఉంటుంది. పెరగాలంటే దానిని విడవాలి. గుడ్డునుంచి వచ్చిన పిల్లకు ఉండేవి మూడే జతల కాళ్ళు! కుబుసం విడిచిన ప్రతిసారీ తోకవైపు కొత్త కట్లు, కొత్త కాళ్ళు చేరుతూ పోతాయి. కుబుసం విడిచేటప్పుడు మట్టిలో చిన్న గది కట్టుకొని, ఒళ్ళు గట్టిపడే వరకు అందులోనే పడి ఉంటుంది. గుడ్లు పెట్టేదీ మట్టిలోనే. పుట్టుక, పెరుగుదల, ఆహారం అన్నీ నేలకు ముడిపడి ఉన్నవి. ఈ చివరి మాట గుర్తుంచుకోవలసినది. మట్టిని కదిలించకుండా రోకలిబండను కదిలించడం కష్టం. మట్టిని కదిలిస్తే మాత్రం అది గుడ్లతో, పిల్లలతో, తిండితో సహా ప్రయాణమవుతుంది.

మనుష్యులు లేని కాలంలో మట్టిని ఎవరు కదిలిస్తారు? భూమియే. దక్షిణ భారతంలోని పడమటి కనుమలలోను, శ్రీలంకలోను ఆర్థ్రోస్ఫేరా అనే ప్రజాతి ఉన్నది. (దగ్గర చుట్టరికం గల జాతుల గుంపును ప్రజాతి అంటారు.) ఇవి తాకితే గోళీవలె బంతి కట్టే పెద్ద రోకలిబండలు. 2010లో వెజెనర్, ఆయన సహచరులు వీటి జన్యుపదార్థాన్ని పోల్చి చూడగా, వీటికి దగ్గరి బంధువులు మడగాస్కరు ద్వీపంలో ఉన్నట్లు తేలింది. మధ్య హిందూమహాసముద్రం ఉన్నది. కాని భారతదేశము, మడగాస్కరు ఒకప్పుడు ఒకే భూఖండం. సుమారు తొమ్మిది కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయినవి. పురుగులు సముద్రం దాటలేదు. వాటి కాళ్ళ కింది నేలయే రెండుగా చీలి, ఒక ముక్క ఉత్తరానికి జరిగింది. ఆ ప్రయాణంలోనే దక్కను లావా పొంగింది. చేవెళ్లకు పడమట వికారాబాదు వైపు కనిపించే నల్లరాతి పొరలు ఆ లావావే. రోకలిబండల వంశం ఈ రాళ్ళకంటె ఎంతో పాతది. స్కాట్లండులో దొరికిన ఒక శిలాజం 40 కోట్ల సంవత్సరాలకు పైబడినది; నేలమీద గాలి పీల్చిన జంతువుల ఆనవాళ్ళలో అది అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి.

కాబట్టి సముద్రానికి ఇరువైపులా ఒకే రకం రోకలిబండలు కనిపిస్తే, ఖండాల కదలికయే కారణమని సరిపెట్టుకోవచ్చునా? సరిపెట్టుకోరాదని న్యూఫౌండ్లాండు ద్వీపం తేల్చింది. ఆ కథకు పోయే ముందు అందులోని పాత్రలను పరిచయం చేయాలి.

డెన్మార్కు దేశీయుడైన యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్ లినేయస్‌కు ప్రియశిష్యుడు. లోకంలోని నలుమూలలనుంచి వచ్చిన పురుగులకు వేలకొద్దీ పేర్లు పెట్టినవాడు. దక్షిణ భారతంలో తాటాకు, గడ్డి కప్పులలో గుంపులు గుంపులుగా చేరే, నల్లని ఒంటిమీద ఎర్రని చార గల రోకలిబండకు 1775లో 'కార్నిఫెక్స్', అనగా తలారి, అని పేరు పెట్టినది ఆయనే. లాటిన్‌లో పేరు భయంకరంగా ఉన్నా, పురుగు నిరపాయమైనది. ఆయనకు మన తీరంనుంచి పురుగులను పంపినవారిలో ముఖ్యుడు కోనిగ్ అనే వైద్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, మొక్కల కోసం, పురుగుల కోసం దేశమంతా తిరిగి, చివరకు 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఆ ఫాబ్రీషియసే 1798లో ఐరోపా తోటలలోని ఒక చిన్న రోకలిబండకు 'గట్యులేటస్', అనగా చుక్కలది, అని పేరు పెట్టాడు. ఇప్పుడు అది బ్లానియులస్ అనే చిన్న ప్రజాతిలో చేరి ఉన్నది. పొడవు సుమారు పదిహేను మిల్లీమీటర్లు. మందం మిల్లీమీటరు కూడా లేదు. కళ్ళు అసలే లేవు. పాలిపోయిన ఒంటికి రెండు పక్కలా ఎర్రని చుక్కలు బారుగా ఉంటాయి. అవి అలంకారం కాదు. పైన చెప్పిన రసపు గ్రంథులు పలుచని చర్మంగుండా కనబడుతున్నవి. ఇది బంగాళదుంపలలో, స్ట్రాబెర్రీ పండ్లలో దూరి తోటమాలులకు కోపం తెప్పిస్తుంది. నిజానికి దీని దవడలు మెత్తని కుళ్ళు పదార్థానికే అలవాటు పడినవి. చాలాసార్లు నత్తలు కొరికిన గాయంలోనే ఇది ప్రవేశిస్తుంది. తప్పు నత్తది, తిట్లు దీనికి.

దీని కుటుంబానికే చెందిన మరొక చిన్న ఐరోపా ప్రజాతి ప్రోటెరోయూలస్. ఇందులో ఫస్కస్ అనే జాతి చెట్ల బెరడు కింద, పుచ్చిన మొద్దులలో నివసిస్తుంది. ఇంచుమించు ఇదే పరిమాణం, గోధుమవన్నె, తలకు ఇరువైపులా ఒక్కొక్క వరుస కంటిచుక్కలు. దీనిలో మగవి చాలా అరుదు. ఆడవి మగవాటితో పని లేకుండానే గుడ్లు పెడతాయి; ఆ గుడ్లు ఆడపిల్లలుగానే పొదుగుతాయి. దీనినే అనిషేక జననం అంటారు. ఇందులోని లాభం ఇంటికి దూరమైనప్పుడు తెలుస్తుంది. తక్కిన జంతువులు కొత్త దేశంలో వంశం నిలపాలంటే ఆడ, మగ రెండూ చేరాలి, కలుసుకోవాలి. ప్రోటెరోయూలస్‌కు ఒక్కటి చాలు. ఒక మొద్దు, అందులో ఒక తల్లి.

బ్లానియులస్ మగవాటిది మరొక విచిత్రం. సంతానోత్పత్తికి సిద్ధమై, ఆ పని అయిన తరువాత, మగది మళ్ళీ కుబుసం విడిచి సంతానోత్పత్తికి పనికిరాని స్థితికి వెనక్కు పోతుంది. ఇంకొక కుబుసంతో తిరిగి సమర్థమవుతుంది. ఈ రాకపోకలను ఇరవయ్యవ శతాబ్దపు తొలిభాగంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెర్‌హోఫ్ వివరించాడు. యౌవనాన్ని ఇచ్చి పుచ్చుకొనే యయాతి కథ మన పురాణాలలో ఉన్నది గదా. అక్కడ మరొకరి వయస్సు కావలసివచ్చింది, ఇక్కడ ఆ అవసరం లేదు.

ఇక న్యూఫౌండ్లాండు. కెనడా తూర్పు తీరాన ఉన్న ఈ పెద్ద ద్వీపం పది పన్నెండు వేల సంవత్సరాల క్రితం వరకు మంచుగడ్డ కింద ఉన్నది. ఆకు, పుల్ల లేని మంచులో రోకలిబండ బ్రతకదు. 1949లో స్వీడనుకు చెందిన కార్ల్ లిండ్రోత్, ఫిన్లండుకు చెందిన ఎర్న్‌స్ట్ పాల్మెన్ ఆ ద్వీపంలో నేలపురుగులను సేకరించారు. లిండ్రోత్ పెంకుపురుగులలో దిట్ట. పాల్మెన్‌కు రోకలిబండలు అభిమాన విషయం. పాల్మెన్ సేకరించిన రోకలిబండలలో చాలావరకు ఐరోపా జాతులే ఉన్నవి. అమెరికా ఖండం కూతవేటు దూరంలో ఉన్నది. అక్కడి రోకలిబండలు రాలేదు. మూడు వేల కిలోమీటర్లకు పైబడిన సముద్రానికి ఆవలివి వచ్చి కూర్చున్నవి. పూర్వం ఐరోపాను, అమెరికాను కలుపుతూ ఒక భూసేతువు ఉండేదని, దానిమీదుగా జంతువులు నడిచి వచ్చినవని అప్పటికి కొందరు పెద్దలు వాదిస్తూ ఉన్నారు. ఆ వాదం నిజమైతే, దూరం నడవగల పురుగులే ఎక్కువగా కనబడాలి. ఇక్కడ దొరికినవి తోటలను, రేవులను, ఊళ్ళను అంటిపెట్టుకొని ఉండేవి.

లిండ్రోత్ ఈ చిక్కును విప్పిన పద్ధతి ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. ఆయన పురుగులను చూడడంతో ఆగక ఓడల లెక్కలు చూశాడు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో ఇంగ్లండు నైరుతి రేవులనుంచి కాడ్ చేపల కోసం ఓడలు న్యూఫౌండ్లాండుకు పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు నిండా ఎండుచేపలు; పోయేటప్పుడు ఇంచుమించు ఖాళీ. ఖాళీ ఓడ తెరచాప గాలికి ఒరిగిపోతుంది. అందుచేత బరువు కోసం ఓడ అడుగున రాళ్ళు, ఇసుక, మట్టి నింపేవారు. వాటిని రేవు పక్కనే తవ్వి తెచ్చేవారు. అవతలి ఒడ్డు చేరగానే ఆ బరువును దింపి, చేపలు ఎక్కించుకొనేవారు. ఏళ్ళ తరబడి, వందల ఓడలు ఈ విధంగా ఇంగ్లండు నేలను గంపలతో ఎత్తి అమెరికా ఒడ్డున పోసినవి. లిండ్రోత్ ఇంగ్లండుకు పోయి, ఓడలకు బరువు తవ్విన పాత చోట్లను వెతికి, అక్కడి పురుగులను పట్టి పోల్చాడు. న్యూఫౌండ్లాండులో ఉన్న ఐరోపా పెంకుపురుగులు అక్కడ ఉన్నవి. 1957లో అచ్చయిన ఆయన గ్రంథంతో భూసేతువు వాదానికి ఈ విషయంలో బలం పోయింది. సేతువు ఉన్నమాట నిజమే. అది రాతితో కట్టినది కాదు, ఓడల అడుగున సాగినది. దానిని వేసినవారికి తాము ఏమి మోస్తున్నదీ తెలియదు.

మట్టిని తెలిసి మోసిన కాలం ఆ తరువాత వచ్చింది. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక సీసాలో తడిమట్టి వేసి, చిలుకపురుగు గూడును అందులో ఉంచి మూత బిగించాడు. పురుగు సంగతి ఏమయినా, మట్టిలోనుంచి ఒక ఫెర్న్ మొక్క, ఒక గడ్డిమొక్క మొలిచినవి. మూత తీయకుండానే, నీరు పోయకుండానే అవి పెరిగినవి. లోపలి తేమ ఆవిరై, గాజుకు తగిలి, మళ్ళీ మట్టిలోకి దిగుతున్నది. ఈ సూత్రంమీద గాజుపెట్టెలు చేయించి 1833లో మొక్కలను సిడ్నీకి పంపితే, అవి పచ్చగా చేరినవి. ఆ తరువాత చైనా తేయాకు మొక్కలు హిమాలయ సానువులకు, దక్షిణ అమెరికా సింకోనా నీలగిరులకు ఇటువంటి పెట్టెలలోనే వచ్చినవి. ఉప్పుగాలి తగలని, ఎండ మాడ్చని, ఎప్పుడూ తడిగా ఉండే మట్టి! మొక్క కోసం చేసిన పెట్టె రోకలిబండకు పల్లకి అయింది.

పెట్టెలు దిగిన చోట గాజుఇళ్ళు ఉండేవి. 1847లో కోఖ్ పేరు పెట్టిన ఆక్సిడస్ గ్రాసిలిస్ అనే బల్లపరుపు రోకలిబండ తూర్పు ఆసియాకు చెందినది. కాని ఐరోపావారికి అది గాజుఇళ్ళ రోకలిబండగానే పరిచయం. నేడది అంటార్కిటికా తప్ప తక్కిన ఖండాలన్నిటిలో ఉన్నది. దక్షిణ భారతము, శ్రీలంకలు పుట్టిల్లుగా గల కాండ్రోమోర్ఫా ప్రజాతిలో కొన్ని జాతులు కూడా ఇదేవిధంగా కరేబియన్, పసిఫిక్ దీవులకు చేరినవి. అంటే దారి ఒకవైపుదే కాదు. ఐరోపా పురుగు అమెరికాకు పోతే, మన పురుగు ఇంకొక చోటికి పోయింది. ఎక్కడికి పోయినా దీని వెనుక ఒక తోట, ఒక కుండీ, కొంత మట్టి కనబడతాయి.

అతిథి ఎప్పుడూ నిరపాయంగానే ఉంటాడని చెప్పలేము. పోర్చుగల్, నైరుతి స్పెయిన్ ప్రాంతాల నల్లని రోకలిబండ ఒమ్మటోయూలస్ మొరెలెటి. పుట్టినచోట దాని జనసంఖ్య అదుపులోనే ఉన్నది. 1953లో అది దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్ రేవు పట్టణంలో కనిపించింది. ఆడది నేలలో సుమారు రెండు వందల గుడ్లు పెడుతుంది. కొత్త దేశంలో దానికి అలవాటైన శత్రువులు లేరు. శరదృతువు వానలు పడగానే లక్షలుగా బయలుదేరి, దీపపు వెలుతురును చూసి ఇళ్ళలోకి పాకసాగినవి. అడిలైడు కొండప్రాంతాల ప్రజలు గోడలచుట్టూ నున్నని రేకులు బిగించుకోవలసివచ్చింది. 2013 సెప్టెంబరులో, పశ్చిమాన పెర్తు నగర శివారైన క్లార్క్‌సన్ స్టేషనులో ఒక రైలు జారి, నిలిచి ఉన్న మరొక రైలును తాకింది. పట్టాలమీద నలిగిన రోకలిబండలు వందల సంఖ్యలో కనిపించినవి. (జపానులో ఇటువంటి సంఘటనలకు 'రైలు రోకలిబండ' అనే పేరే వచ్చింది. 1920నుంచి అక్కడి కొండలలో రైళ్ళను ఆపుతున్న ఆ జాతి ఎనిమిది సంవత్సరాలకు ఒకసారి మూకుమ్మడిగా పైకి వస్తుందని 2021లో రుజువు చేశారు. అయితే అది స్వదేశీయమైనదే, పరాయిది కాదు.)

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పోర్చుగల్‌నుంచి దాని సహజ శత్రువైన ఒక ఈగను తెప్పించి వదిలారు, అది నిలదొక్కుకోలేదు. చివరకు ఉపకారం చేసినది అక్కడి నేలలోనే ఉన్న ఒక సూక్ష్మమైన నులిపురుగు. అది రోకలిబండ శరీరంలో ప్రవేశించి, వెంట తెచ్చిన సూక్ష్మజీవులతో దానిని చంపుతుంది. చాలాచోట్ల గుంపులు తగ్గినవి. చంపడానికి ఇంత శ్రమ పడినవారు మొదట ఒక గంపెడు మట్టిని ఆపి ఉంటే సరిపోయేది. కాని ఆ గంప ఏదో 1953లో ఎవరు చెప్పగలరు?

మన తీరంలో మొక్కల రాకపోకలు పాతవే. కోనిగ్‌కు మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781నుంచి సామర్లకోటలో ఉండి, అక్కడి తోటలో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క మొదలైనవి పెంచే ప్రయత్నాలు చేశాడు. 1793లో కలకత్తా తోటకు పోయాడు. ఆయన తోట ఉన్న గోదావరి మండలంలోనే నేడు కడియం, కడియపులంక నర్సరీలు ఉన్నవి. వేళ్ళచుట్టూ మట్టి ముద్దను గట్టిగా చుట్టికట్టిన మొక్కలు అక్కడినుంచి లారీలలో దేశం నలుమూలలకూ పోతాయి. హైదరాబాదు చుట్టుపట్ల ఇళ్ళ తోటలకూ అక్కడి మొక్కలు వస్తాయి. మొయినాబాదు, చేవెళ్ల పొలాలలో ప్లాస్టిక్ పందిళ్ళ కింద పూలు సాగవుతున్నవి. లోపల వెచ్చదనం, తడి, నీడ. బయట వేసవిలో పగిలిన నేల. వార్డ్ గాజుపెట్టెకూ దీనికీ పెద్ద భేదం లేదు. విదేశాలనుంచి వచ్చే మొక్కల విషయంలో ప్రభుత్వం జాగ్రత్త పడింది. 1914నాటి హానికర కీటకాల చట్టం కింద 2003లో వెలువడిన ఉత్తరువు ప్రకారం దిగుమతి అయ్యే మొక్కల వేళ్ళకు మట్టి అంటి ఉండరాదు. ఇంత చిన్న నిబంధన వెనుక న్యూఫౌండ్లాండు, పోర్ట్ లింకన్‌ల వంటి అనుభవాలు ఎన్నో ఉన్నవి.

స్వదేశపు రోకలిబండలను గురించి మనవారి కృషి లేకపోలేదు. ఆస్ట్రియాకు చెందిన ఆటెమ్స్ 1936లో భారతదేశపు రోకలిబండల మీద పెద్ద గ్రంథం ప్రచురించగా, 1968లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి. కృష్ణన్ థైరోపైగస్ ప్రజాతి శరీర నిర్మాణాన్ని ఒక ప్రత్యేక గ్రంథంగా వివరించాడు. 2016లో గొలొవాచ్, వెజెనర్ తయారుచేసిన పట్టికలో భారతదేశానికి 270 జాతులు లెక్కకు వచ్చినవి. పడమటి కనుమలతోను, హిమాలయాలతోను పోలిస్తే దక్కను మైదానం మీద సేకరణ తక్కువ. దొంతన్‌పల్లి వంటి ఊరి పాఠశాల పిల్లలు తొలకరి నాడు కనిపించినవాటిని, తేదీ, చోటు, పొడవు, రంగు రాసి ఉంచితే, అది ఊసుపోక చేసిన పని అనిపించుకోదు. న్యూఫౌండ్లాండు సమస్య తేలింది కూడా ఎక్కడ ఏది దొరికిందో ఓపికతో రాసిపెట్టుకొన్నవారి వల్లనే.

హైదరాబాదునుంచి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ పోయే దారికి ఇరుపక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నవి. వాటి కింద ఏటేటా రాలే ఆకును ముక్కలు చేసి, తిని, చిన్న గుళికలుగా విసర్జించి, బూజులకూ బాక్టీరియాకూ అందించేవాటిలో రోకలిబండలు ముఖ్యమైనవి. ఆకు ఎరువుగా మారే పని ఇవి లేకుండా చాలా నెమ్మదిస్తుంది. దారిని వెడల్పు చేయవలసివచ్చినప్పుడు ఈ చెట్ల భవిష్యత్తు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. కొన్ని చెట్లను కొట్టివేయకుండా, కొమ్మలు కత్తిరించి, వేళ్ళను మట్టిముద్దతో సహా పెకలించి, వేరొక చోట నాటాలనే ప్రతిపాదన కూడా వచ్చింది. అట్లా తరలే ప్రతి మర్రితోను టన్నులకొద్దీ మట్టి లారీ ఎక్కుతుంది. ఆ మట్టిలో గుడ్లు, మూడు జతల కాళ్ళ పిల్లలు, కుబుసం విడవడానికి గది కట్టుకొని ముడుచుకొన్న పెద్దవి, ఎక్కడికి పోతున్నదీ తెలియకుండానే, చెట్టుతోపాటు కొత్త ఊరు చేరతాయి.